ఒకే పేరున్న రెండు జర్మన్ వైన్లలో ఒకటి తియ్యగా, ఇంకొకటి పుల్లగా ఎందుకుంటుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మీ మరిది సెలవులకు వస్తూ మూడు రీస్లింగ్ (ఒక తెల్ల ద్రాక్ష రకం) సీసాలు తెచ్చాడు. రెండింటి మీద స్పేట్‌లేజ అని ఉంది. మూడోది చిన్న సీసా, దాని మీద బేరెన్‌ఔస్‌లేజ అని ఉంది. "లేట్ హార్వెస్ట్ వైన్ కదా, తియ్యగా ఉంటుంది" అనుకుని ఒక స్పేట్‌లేజ తెరిస్తే తీపి జాడే లేదు, నిమ్మకాయలా పుల్లగా తగిలింది. అది పాడైపోయిందా, మిగతా రెండూ ఎలా ఉంటాయో తెరవకముందే తెలుసుకోవచ్చా, మన వంటలతో తాగొచ్చా అని అడిగారు.

పాడవలేదు. మీరు తెరిచిన సీసా మీద స్పేట్‌లేజ అన్న మాట పక్కనో కిందో ట్రోకెన్ (తీపి లేనిది) అనే మాట ఉండి ఉంటుంది. ఆల్కహాల్ 12 శాతం, అంతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒకసారి చూడండి. తెరవని స్పేట్‌లేజ మీద ట్రోకెన్ లేకుండా, ఆల్కహాల్ 7.5 నుంచి 9 శాతం మధ్య ఉంటే అది తియ్యటి వైనే. చిన్న సీసా గురించి సందేహమే అక్కర్లేదు, అది చాలా తీపి.

ఇక కారణం. స్పేట్‌లేజ, ఔస్‌లేజ లాంటి పేర్లు కోత రోజున ద్రాక్ష ఎంత పండిందో చెప్తాయి. సీసాలో ఎంత తీపి మిగిలిందో చెప్పవు. జర్మన్ వైన్ విషయంలో మన వాళ్లే కాదు, జర్మన్లు కూడా తికమకపడేది ఇక్కడే. నేను రైన్ నది పక్కన ఒక వైన్ దుకాణంలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే భారతీయ కుటుంబాల్లో సగానికి సగం మంది "తియ్యటిది కావాలి, స్పేట్‌లేజ ఇవ్వండి" అంటారు. ఆ మాటతో అడిగితే కొట్లో ఉన్నవాడు బద్ధకిస్తే ఏ సీసా అయినా చేతిలో పెట్టేస్తాడు, అది తప్పు కూడా కాదు.

ద్రాక్ష రసంలో ఉన్న చక్కెరను కొలవడానికి జర్మనీలో ఎక్స్‌లె అనే కొలత వాడతారు. ఫోర్ట్స్‌హైమ్ ఊరికి చెందిన ఫెర్డినాండ్ ఎక్స్‌లె అనే కంసాలి 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన కొలత అది. లెక్క తేలిక. లీటరు నీటి కంటే లీటరు ద్రాక్ష రసం ఎన్ని గ్రాములు ఎక్కువ తూగుతుందో అదే ఎక్స్‌లె అంకె. రసం 1,090 గ్రాములు తూగితే 90 ఎక్స్‌లె. ఆ అదనపు బరువులో ఎక్కువ భాగం చక్కెరదే కాబట్టి, అంకె పెరిగే కొద్దీ పండు పక్వం పెరిగినట్టు.

1971 నాటి జర్మన్ వైన్ చట్టం ఈ అంకెల మీదే మెట్లు కట్టింది. ప్రాంతాన్ని బట్టి, ద్రాక్ష రకాన్ని బట్టి కనీస అంకె కొంచెం మారుతుంది. చలి ఎక్కువుండే మోజెల్‌లో తక్కువ, దక్షిణాన ఉన్న బాడెన్‌లో ఎక్కువ. స్థూలంగా చెప్పాలంటే కాబినెట్‌కు 67 నుంచి 82, స్పేట్‌లేజకు 76 నుంచి 90, ఔస్‌లేజకు 83 నుంచి 100, బేరెన్‌ఔస్‌లేజకు 110 నుంచి 128, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజకు 150 నుంచి 154. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే ఐస్‌వైన్‌కు బేరెన్‌ఔస్‌లేజకు ఉన్న హద్దే వర్తిస్తుంది. ఇవన్నీ కనీసాలు మాత్రమే. మంచి తోటల వాళ్లు వీటిని చాలా దాటి కోస్తారు. ఈ మెట్లలో ఏ పేరు పెట్టుకున్నా, రసంలో బయటి నుంచి చక్కెర కలిపి ఆల్కహాల్ పెంచడం నిషేధం. కింది తరగతి వైన్లకు ఆ అనుమతి ఉంది, వీటికి లేదు.

ఈ అంకె కోత రోజుది. ఆ తర్వాత కథంతా వైన్ చేసేవాడి చేతిలో ఉంటుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరులో సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. 90 ఎక్స్‌లె రసంలో లీటరుకు దాదాపు 200 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని మొత్తం పులియనిస్తే 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ వస్తుంది, తీపి ఉండదు. అదే రసాన్ని 8 శాతం దగ్గర ఆపేస్తే 130, 140 గ్రాములు ఖర్చయి, 65 గ్రాముల పైన సీసాలో మిగులుతుంది. ఒకే తోట, ఒకే రోజు కోత, ఒకే రసం. ఒకటి పూర్తిగా తీపి లేని వైన్, ఒకటి తియ్యటి వైన్. రెండింటి మీదా స్పేట్‌లేజ అని రాసుకోవచ్చు. మీ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

పులియడాన్ని మధ్యలో ఎలా ఆపుతారు అంటే, పీపాను బాగా చల్లబరిచి, ఈస్ట్‌ను వడకట్టి, కొంచెం సల్ఫర్ వేస్తారు. మోజెల్ నేలమాళిగలు సహజంగానే చల్లగా ఉంటాయి కాబట్టి పాత రోజుల్లో చలికాలం రాగానే పులియడం దానంతటదే ఆగిపోయేది. ఇంకో పద్ధతి, పులియని రసాన్ని కొంత పక్కన దాచి, పూర్తయిన వైన్‌లో చివర్లో కలపడం. చట్టం దీన్నీ ఒప్పుకుంటుంది. పేరున్న తోటల వాళ్లు మొదటి పద్ధతినే ఇష్టపడతారు. నాకూ అదే నచ్చుతుంది, ఎందుకంటే రెండో పద్ధతిలో చేసిన చవక వైన్లలో తీపి ఒక పక్క, వైన్ ఒక పక్క ఉన్నట్టు అనిపిస్తుంది.

సీసా తెరవకుండా తీపి తెలుసుకోవాలంటే ముందు ఆల్కహాల్ శాతం చూడండి. లేబుల్ మీద ఇంకేదీ అర్థం కాకపోయినా ఆ అంకె మాత్రం తప్పకుండా ఉంటుంది. రీస్లింగ్ విషయంలో నేను వాడే లెక్క ఇది. 7 నుంచి 9 శాతం అయితే తీపి ఖాయం. 10, 11 మధ్య అయితే కాస్త తీపి. 12, ఆ పైన అయితే తీపి లేనట్టే. ఈ లెక్క జర్మన్ రీస్లింగ్‌కు బాగా పనిచేస్తుంది. పోర్ట్ లాంటి విడిగా ఆల్కహాల్ కలిపే వైన్లకు వాడకండి, పూర్తిగా తలకిందులవుతుంది.

ఆ తర్వాత మాటలు. ట్రోకెన్ అంటే తీపి లేనిది. లీటరుకు 4 గ్రాముల వరకు చక్కెర ఉండొచ్చు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు వెళ్లొచ్చు. హాల్ప్‌ట్రోకెన్ అంటే మామూలుగా 12 గ్రాముల వరకు, పులుపు ఎక్కువుంటే 18 వరకు. ఫైన్‌హెర్ప్ అనే మాట ఇప్పుడు చాలా సీసాల మీద కనిపిస్తుంది, దానికి చట్టంలో అంకె లేదు. హాల్ప్‌ట్రోకెన్‌కు దగ్గరగా, కొన్నిసార్లు దానికంటే కొంచెం తియ్యగా ఉంటుంది. లీప్లిష్ అంటే 45 గ్రాముల లోపు తీపి. అసలు తియ్యటి స్పేట్‌లేజల మీద ఈ మాటలేవీ రాయరు. ఏ మాటా లేకపోవడమే గుర్తు. ఇది కొత్తవాళ్లకు చాలా ఇబ్బంది పెట్టే విషయం, నేనైతే ఇది జర్మన్ల మొండితనం అంటాను.

ఒక జాగ్రత్త. ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజ అనే పొడుగు మాటలో ముందు ట్రోకెన్ ఉంటుంది, కానీ అది అన్నిటికంటే తీపి వైన్. ట్రోకెన్ అన్న మాటకు అసలు అర్థం ఎండినది అని. అక్కడ ఎండింది వైన్ కాదు, ద్రాక్ష పండు. ఆ పేరు చూసి "తీపి లేనిది" అనుకుని వెనక్కి పెట్టేసిన కస్టమర్లను చూశాను. ధర చూశాక వాళ్లకే అనుమానం వచ్చేది.

మూతను కూడా గమనించండి. దాని మీద ద్రాక్ష గుత్తితో ఉన్న గద్ద బొమ్మ కనిపిస్తే ఆ తోట వీడీపీ అనే సంఘంలో సభ్యత్వం ఉన్నది. 1910లో మొదలైన ఈ సంఘం తన సభ్యులకు ఒక పద్ధతి పెట్టింది. స్పేట్‌లేజ, ఔస్‌లేజ పేర్లు తియ్యటి వైన్లకే వాడాలి, తీపి లేని గొప్ప వైన్లను గ్రోసెస్ గెవెక్స్ అనే వేరే పేరుతో అమ్మాలి. అందుకే గద్ద బొమ్మ, స్పేట్‌లేజ రెండూ కలిసి కనిపిస్తే చాలావరకు తీపే అని నమ్మొచ్చు. స్పేట్‌లేజ ట్రోకెన్ అని రాసి అమ్మేది ఎక్కువగా సంఘం బయట ఉన్న తోటలు. అవి తక్కువ రకమని కాదు. ఫాల్ట్స్, రైన్‌హెస్సెన్ ప్రాంతాల్లో అలాంటి మంచి సీసాలు సరసమైన ధరకే దొరుకుతాయి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. తీపిని గ్రాముల్లో చూస్తే భయం వేస్తుంది కదా. 70 గ్రాముల తీపి ఉన్న స్పేట్‌లేజ తాగితే వెగటు పుట్టదా? పుట్టదు, కారణం పులుపు. రీస్లింగ్‌లో లీటరుకు 7 నుంచి 9 గ్రాముల వరకు ఆమ్లం ఉండటం మామూలే, మోజెల్‌లో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. నిమ్మకాయ షర్బత్‌లో ఎంత పంచదార వేస్తామో తెలిస్తే ఆశ్చర్యపోతాం, కానీ నిమ్మరసం ఉన్నందువల్ల నోటికి అంత తీపిగా తగలదు. ఇదీ అంతే. పులుపు తక్కువున్న వేరే ద్రాక్షతో చేసిన 50 గ్రాముల వైన్ కంటే, మోజెల్ రీస్లింగ్‌లో 70 గ్రాములు తేలికగా అనిపిస్తాయి. అందుకే గ్రాముల అంకె ఒక్కటే పట్టుకుని రెండు వైన్లను పోల్చకండి. వయసు కూడా దీన్ని మారుస్తుంది. ఇరవై ఏళ్లు నిలవున్న స్పేట్‌లేజలో చక్కెర తగ్గదు, కానీ నాలుకకు తీపి తగ్గినట్టే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం నాలుకను నమ్మకూడదు. 70 గ్రాముల వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే పది గ్రాములకు పైగా చక్కెర, అంటే రెండున్నర చెంచాలు. పులుపు దాన్ని కనపడకుండా చేస్తుంది, తీసెయ్యదు. ఆల్కహాల్ సంగతి వేరే. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే డాక్టర్‌ని అడిగాకే.

మీ చిన్న సీసా గురించి. బేరెన్‌ఔస్‌లేజను గుత్తులుగా కాదు, పండు పండు ఏరి చేస్తారు. బాగా మిగలపండిన పండ్లు, ఎక్కువగా బోట్రైటిస్ అనే బూజు పట్టినవి. బూజు అనగానే ముఖం చిట్లించుకోకండి. ఈ బూజు పచ్చి పండుకు పడితే పంట పోయినట్టే. కానీ పండిన రీస్లింగ్‌కు సరైన వాతావరణంలో పడితే తొక్కకు సన్నటి చిల్లులు చేస్తుంది, లోపలి నీరు ఆవిరైపోతుంది. చక్కెర, పులుపు, వాసన అన్నీ చిక్కబడతాయి. అది కాకుండా బూజు తనంతట తాను కొత్త రుచులు తెస్తుంది. తేనె, ఎండిన ఆప్రికాట్, కొంచెం కుంకుమపువ్వు లాంటి వాసన. పొద్దున నది మీంచి పొగమంచు, మధ్యాహ్నం ఎండ, గాలి ఉండాలి. రోజంతా తేమే ఉంటే గుత్తి కుళ్లిపోతుంది. మోజెల్, రైన్, వాటి ఉపనదుల ఒడ్డునే ఈ వైన్లు ఎందుకు పుట్టాయో దీనితో అర్థమవుతుంది.

లెక్క చూస్తే, 130 ఎక్స్‌లె రసంలో లీటరుకు దాదాపు 300 గ్రాముల చక్కెర ఉంటుంది. అంత చిక్కటి రసంలో ఈస్ట్ కూడా తంటాలు పడుతుంది, ఏడెనిమిది శాతం ఆల్కహాల్ దాటడం కష్టం. కాబట్టి 150, 180 గ్రాముల చక్కెర మిగిలిపోతుంది. ఎవరూ ఆపక్కర్లేదు. ఈ మెట్టు వైన్లకు చట్టం అడిగే కనీస ఆల్కహాల్ కూడా 5.5 శాతమే. ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజ దీని పై మెట్టు, బూజు పట్టి కిస్‌మిస్‌లా ముడుచుకుపోయిన పండ్లను ఏరి చేస్తారు. రోజంతా ఏరినా బుట్ట అడుగు కప్పుకోవడమే గగనం. సార్ లోయలోని ఎగాన్ మ్యూలర్ తోట వాళ్ల 2003 షార్ట్స్‌హోఫ్‌బెర్గ్ ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజ 2015లో ట్రియర్ వేలంలో సీసా 12,000 యూరోలకు పోయింది. ఆ ధరల్లో రుచి ఎంత, మోజు ఎంత అని నన్ను అడిగితే మోజే ఎక్కువ అంటాను.

ఔస్‌లేజ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ పేరు కింద చాలా తేడాలున్నాయి. స్పేట్‌లేజకు కాస్త చిక్కదనం వచ్చినట్టు ఉండేవి ఉన్నాయి, బేరెన్‌ఔస్‌లేజను తలదన్నేవీ ఉన్నాయి. మోజెల్‌లో కొందరు లేబుల్ మీద నక్షత్రాలు వేస్తారు, కొందరు బంగారు రంగు మూత వేస్తారు. నక్షత్రాలు పెరిగే కొద్దీ ఆ తోట లెక్కలో పండు మరింత ఏరినది. అది ఏ తోటకు ఆ తోట లెక్కే, ఒకరి రెండు నక్షత్రాలను ఇంకొకరి రెండు నక్షత్రాలతో పోల్చలేం.

ఐస్‌వైన్ దారి వేరు. అందులో బూజు అక్కర్లేదు, ఉండకపోతేనే మంచిది. ఆరోగ్యంగా ఉన్న గుత్తులను డిసెంబర్ దాకా, ఒక్కోసారి జనవరి దాకా తీగ మీదే వదిలేసి, చలి మైనస్ 7 డిగ్రీలకో అంతకు కిందికో పడిన రాత్రి కోస్తారు. గడ్డకట్టిన పండ్లనే ప్రెస్‌లో వేసి నొక్కితే నీరు మంచుగా లోపలే ఉండిపోతుంది, చిక్కటి రసం బొట్లు బొట్లుగా వస్తుంది. జనవరిలో కోసినా సీసా మీద ముందటి ఏడాదే రాస్తారు. బింగెన్‌కు దగ్గర్లోని డ్రోమర్స్‌హైమ్‌లో 1830 ఫిబ్రవరిలో కోసిన పంటను మొదటి జర్మన్ ఐస్‌వైన్‌గా చెప్పుకుంటారు. ఇప్పుడు ఈ వైన్ కష్టకాలంలో ఉంది. 2019 పంటకు దేశంలోని పదమూడు వైన్ ప్రాంతాల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఐస్‌వైన్ రాలేదు, ఒక్క రాత్రి కూడా కావాల్సినంత చలి పడలేదు. తోట వాళ్లకు ఇది జూదం. డిసెంబర్ దాకా వదిలిన గుత్తులను పక్షులు తినొచ్చు, వాన కుళ్లబెట్టొచ్చు, చలి రాకుండా పోవచ్చు.

ఆలస్యంగా కోయడం ఎలా మొదలైందంటే అందరూ చెప్పే కథ రైన్‌గౌలోని ష్లోస్ యోహానిస్‌బెర్గ్‌ది. ఆ తోట ఫుల్డా మఠాధిపతి కింద ఉండేది. కోతకు ఆయన అనుమతి కావాలి, నమూనా గుత్తులతో గుర్రం మీద మనిషిని పంపేవారు. 1775లో ఆ మనిషి ఆలస్యంగా తిరిగొచ్చాడు, అప్పటికి పండ్లకు బూజు పట్టేసింది. పోనీలే అని చేసిన వైన్ అమోఘంగా వచ్చింది. ఆ రౌతు విగ్రహం ఇప్పటికీ ఆ కోట ఆవరణలో ఉంది, పర్యాటకులు ఫొటోలు దిగుతారు. ఆ మనిషి ఎందుకు ఆలస్యం చేశాడన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్తారు. కానీ బూజు పట్టిన ద్రాక్షతో తియ్యటి వైన్ చేయడం హంగరీలోని తొకాయ్ వాళ్లకు అంతకు వందేళ్ల ముందే తెలుసు. కాబట్టి ప్రపంచంలోనే మొదటిది అని ఎవరైనా గైడు చెప్తే నవ్వి ఊరుకోండి.

మరి తియ్యటి వైన్లకు ఇంత పేరుంటే ఇంతింత ట్రోకెన్ ఎందుకు చేస్తున్నారు అని మీ మరిదిని అడగాలనిపించొచ్చు. జర్మన్లే తీపిని వదిలేశారు. 1970లలో చవక తియ్యటి వైన్లు ఎగుమతి మార్కెట్‌ను ముంచెత్తి మంచి సీసాల పరువు కూడా తీశాయి. 1985లో ఇంకో దెబ్బ. ఆస్ట్రియాలో కొందరు వ్యాపారులు మామూలు వైన్లకు చిక్కదనం, తీపి తెప్పించి ఆలస్యపు కోత వైన్లుగా అమ్మడానికి డైఎథిలీన్ గ్లైకాల్ కలిపారని బయటపడింది, జర్మనీలో సీసాల్లో నింపే కొన్ని కంపెనీలకూ ఆ మరక అంటింది. ఆ తర్వాత తీపి అంటేనే అనుమానం పుట్టింది. ఇప్పటికీ మా కొట్టుకు వచ్చే ఓ వయసు జర్మన్లు "తియ్యటిది కాదు కదా" అని ముందే అడుగుతారు. అలాంటి వాళ్లకు పేరు చూపించకుండా పాత స్పేట్‌లేజ రుచి చూపిస్తే గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమంటారు.

వాతావరణం వేడెక్కడం ఇంకో కారణం. ఒకప్పుడు పదేళ్లలో రెండు మూడేళ్లే పండు సరిగ్గా పండేది, అందుకే ఎంత పండిందన్నదే గొప్పగా ఉండేది, చట్టమూ దాన్నే కొలిచింది. ఇప్పుడు స్పేట్‌లేజ అంకె దాదాపు ఏటా వచ్చేస్తుంది. నిజానికి ఇప్పటి కాబినెట్లు చాలావాటిలో రసం స్పేట్‌లేజ అంకెనే దాటి ఉంటుంది, తోట వాళ్లు కావాలనే కింది పేరుతో అమ్ముతారు. పై పేరు పెట్టుకునే హక్కే గాని బలవంతం లేదు. తేలికగా, పుల్లగా ఉండే పాతకాలపు కాబినెట్ చేయడమే ఇప్పుడు కష్టమైన పని. అందుకే 2021లో మార్చిన నిబంధనలు పండు పక్వం కంటే ఊరు, తోట పేరుకు ఎక్కువ విలువ ఇచ్చే దారి పట్టాయి.

మన వంటలతో. కారం ఉన్న వంటకు ఎక్కువ ఆల్కహాల్ వైన్ పెడితే మంట రెట్టింపవుతుంది. ఆల్కహాల్ తక్కువ, తీపి కొంచెం, పులుపు బాగా ఉన్నది పెడితే మంట తగ్గుతుంది. కాబట్టి మీ దగ్గరున్న రెండో స్పేట్‌లేజ 8 శాతందైతే కోడి వేపుడుతో, రొయ్యల వేపుడుతో, మిరియాల చేపతో చాలా బాగుంటుంది. ఇక్కడ మా తెలుగు వాళ్ల ఇళ్లల్లో పార్టీలకు నేను తీసుకెళ్లేది మోజెల్ కాబినెట్ లేదా ఫైన్‌హెర్ప్. బిరియానీతో కూడా అదే. గుత్తివంకాయకు పనికొస్తుంది, అందులోని నువ్వులు, వేరుశనగ రుచికి రీస్లింగ్ పులుపు సరిపోతుంది. గోంగూర మాంసంతో మాత్రం నాకు ఏ రీస్లింగూ కుదరలేదు. అందులో ఉన్న పులుపు ముందు వైన్ నీళ్లలా అయిపోతుంది. ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని పక్కన మంచినీళ్లే మేలు.

మీరు తెరిచిన ట్రోకెన్ సీసాను పారబోయకండి. కారం లేని వాటితో తాగండి. వేయించిన జీడిపప్పు, నిమ్మకాయ పిండిన కాల్చిన చేప, పన్నీర్ టిక్కా లాంటివి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

బేరెన్‌ఔస్‌లేజతో స్వీట్లు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. వైన్ కంటే స్వీటు తియ్యగా ఉంటే వైన్ పుల్లనీళ్లలా తగులుతుంది. కాజాలు, పూతరేకులు, గులాబ్ జామ్, ఇవన్నీ దాన్ని చంపేస్తాయి. తీపి తక్కువున్న బాదం కేక్ పర్వాలేదు. ఉప్పగా, ఘాటుగా ఉండే బ్లూ చీజ్ దొరికితే అద్భుతం, అది హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. నా ఓటు అయితే దేనితోనూ కాదు, భోజనమయ్యాక చిన్న గ్లాసుల్లో ఒక్కటే. 375 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి సరిపోతుంది.

ఆ చిన్న సీసాను దాచుకుందామనుకుంటున్నారా? ఆ వైన్‌కు దశాబ్దాల ఆయుష్షు ఉంది, చక్కెర, పులుపు రెండూ దాన్ని కాపాడతాయి. కానీ అది చల్లటి నేలమాళిగలో మాట. మన ఎండాకాలంలో అల్మారా పైన పెడితే రెండేళ్లలో రంగు ముదిరి, ఉడికిన వాసన వస్తుంది. దాచాలంటే ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి, ఒకటి రెండేళ్లలో తాగేయండి. ఎక్కువ కాలం దాచే వసతి లేకపోతే ఏదైనా శుభకార్యానికి ఇప్పుడే తెరవడం నయం.

తెరిచాక కంగారు పడకుండా రెండు మూడు విషయాలు. అడుగున గాజు ముక్కల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తే అవి గాజూ కాదు, పంచదారా కాదు. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం చలికి గడ్డకట్టినవి, ప్రమాదం లేదు, నెమ్మదిగా వంచుకుంటే గ్లాసులో పడవు. పాత రీస్లింగ్‌లో కొంచెం కిరోసిన్ లాంటి వాసన రావడం సహజం, చాలామంది దానికోసమే కొంటారు. లేత మోజెల్ నాలుక మీద సన్నగా చురుక్కుమంటే అది మిగిలిపోయిన గ్యాస్, కాసేపట్లో పోతుంది. తడి అట్టపెట్టె వాసన వస్తే మాత్రం కార్క్ పాడైనట్టే, దాన్ని తాగి మొహమాటపడక్కర్లేదు.

రెండో స్పేట్‌లేజను 8 నుంచి 10 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి పోయండి. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వాసన తెలియదు, గది వేడికి వస్తే తీపి బరువుగా తగులుతుంది. బేరెన్‌ఔస్‌లేజ తెరిచాక ఒక్కరోజే పూర్తి చేయనక్కర్లేదు. గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే నిలుస్తుంది. రెండో రోజు మొదటి రోజు కంటే బాగుండటం కూడా మామూలే. మీ సీసాల మీద తోట పేరు, ఏడాది, ఆల్కహాల్ శాతం ఇక్కడ రాస్తే ఇంకాస్త వివరంగా చెప్పగలను.